స్నానంతో పోని వైరాగ్యం

మన పెద్దలు వైరాగ్యాన్ని మూడు రకాలుగా విడదీసి నవ్వుకున్నారు. పురాణం విన్నంతసేపే ఉండేది పురాణ వైరాగ్యం. పురిటినొప్పులు తగ్గేదాకా ఉండేది ప్రసూతి వైరాగ్యం. కాష్ఠం అంటుకున్నప్పుడు మొదలై, ఇంటికొచ్చి తలమీద నాలుగు చెంబులు పోసుకోగానే ఆ నీళ్లతోపాటే పోయేది శ్మశాన వైరాగ్యం. మూడింటిలోనూ వెటకారం ఒక్కటే: మనిషికి చావు గుర్తుండేది చాలా కొద్దిసేపు. సేవా కార్యక్రమాల్లో తలమునకలయ్యేవాళ్లకు ఆ కొద్దిసేపు కూడా దొరకదు. పొద్దున రక్తదాన శిబిరం, మధ్యాహ్నం అన్నదానం, సాయంత్రం దుప్పట్ల పంపిణీ, రాత్రి దాతలకు ఫోన్లు. చావు గురించి కూర్చుని ఆలోచించడం పనీపాటా లేనివాళ్ల వేదాంతమనీ, అంత తీరికుంటే ఇంకో నలుగురికి అన్నం పెట్టొచ్చుననీ వాళ్లు అంటే తప్పుపట్టడం కష్టం. అయినా ఆ మాట సరైంది కాదని నేననుకుంటున్నాను. చావును ఎదురుగా పెట్టుకోని సేవ ఎంత జోరుగా సాగినా, తను ఎవరికి సేవ చేస్తున్నదో ఆ మనిషిని సగమే చూస్తుంది. ఈ మాటకు సాక్ష్యంగా నిలబెట్టదగిన మనిషి ఒక కతోలిక గురువు. పదహారేళ్లు శ్మశానం పక్కన కాపురముండి, పగలంతా రెక్కలు ముక్కలు చేసుకుని, చీకటి పడ్డాక సమాధుల మధ్య జపమాల చెప్పుకున్న ఫాదర్ డేమియన్.

ఆయన బెల్జియంలోని ట్రెమెలో అనే పల్లెలో 1840 జనవరి 3న పుట్టిన రైతు బిడ్డ. అసలు పేరు యోసెఫ్ డి వూస్టర్. హవాయి దీవులకు వెళ్లాల్సిన అన్న జబ్బుపడితే ఆ స్థానంలో తను బయల్దేరి 1864లో హొనొలులులో దిగాడు, అక్కడే గురుపట్టం పుచ్చుకున్నాడు. ఆయనకు సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజున, 1865 జనవరి 3న, హవాయి రాజు అయిదో కమేహమేహ కుష్ఠు వ్యాప్తిని అరికట్టే చట్టం మీద సంతకం చేశాడు. రోగమున్నవాళ్లను పట్టుకుని మొలొకాయి ద్వీపంలో ఒక కొసకు పంపేయాలన్నది దాని సారం. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు దాదాపు రెండు వేల అడుగుల నిట్టనిలువు కొండ. దానికి వేరే గోడ అక్కర్లేదు. 1866 జనవరిలో మొదటి పడవ దిగింది. 1969లో ఆ నిర్బంధం ముగిసేనాటికి సుమారు 8,000 మందిని అక్కడికి పంపారు. తల్లి నుంచి బిడ్డను, మొగుడి నుంచి పెళ్లాన్ని విడదీసి పడవెక్కించారు. తిరిగి రావడమన్నది చాలామందికి లేదు. 1873లో బిషప్ అక్కడికి వెళ్లేదెవరని అడిగితే నలుగురు గురువులు వంతులవారీగా వెళ్లడానికి ముందుకొచ్చారు. మే 10న మొదటి వంతుగా వెళ్లిన డేమియన్ మళ్లీ రెండో వంతు రానివ్వలేదు. మొదటి కొన్ని వారాలు ఆయన పడుకున్నది గుడి పక్కనున్న మొగలి చెట్టు కింద.

అక్కడికి వెళ్లడానికి ముందుకు రావడానికి ఆయన చెప్పుకున్న కారణంలోనే ఈ వ్యాసానికి మూలం ఉంది. ఆయన చేరిన మఠసభలో ఒక ఆచారముంది. చివరి మాటపట్టు ఇచ్చే రోజున కొత్త మఠవాసిని నేల మీద బోర్లా పడుకోబెట్టి, శవపేటిక మీద కప్పే నల్లటి గుడ్డను పైన కప్పుతారు. ఆనాటితో లోకానికి అతను చచ్చినట్టు. డేమియన్‌కు 1860 అక్టోబరు 7న ఆ గుడ్డ కప్పారు. కుష్ఠురోగుల మధ్యకు వెళ్లే మాట వచ్చినప్పుడు ఆయన ఆ గుడ్డనే గుర్తు చేసుకున్నాడు: నన్ను అప్పుడే పాతిపెట్టారు గదా, ఇంక భయమేమిటి అన్నట్టు. మన తెలుగువాళ్లకు ఇది వింతగా తోచనక్కర్లేదు. సన్యాసం పుచ్చుకునేవాడు తనకు తానే పిండం పెట్టుకునే ఆత్మశ్రాద్ధం మన దగ్గరా ఉంది. బతికుండగానే కర్మకాండ ముగించుకున్నవాడికి ఇక పోగొట్టుకునేదేమీ ఉండదు. అయితే ఇద్దరి మధ్య ఒక తేడా ఉంది. మన సన్యాసి పిండం పెట్టుకుని ఊరు వదిలి వెళ్తాడు. ఈయన గుడ్డ కప్పించుకుని ఊళ్లోకి వచ్చాడు. ఆ గుడ్డ కింద తనకు కలిగిన తెలివిడిని పలుగూ పారా పట్టుకునే పనికి వాడుకున్నాడు.

ఆయన రోజు ఎలా గడిచేదో చూస్తే దీని అర్థం తెలుస్తుంది. పొద్దున దివ్యబలిపూజ, ఆ తర్వాత గుడిసె గుడిసెకూ తిరిగి పుళ్లు కడిగి కట్లు కట్టడం, ఆ తర్వాత వడ్రంగం. 1874లో తుపాను పాత గుడిసెలను ఎగరగొట్టేస్తే ప్రభుత్వం చేత కలప తెప్పించి ఇళ్లు కట్టించాడు. లోయలోని నీళ్లను గొట్టాల ద్వారా ఊళ్లోకి రప్పించే పనిలో తనూ చెయ్యి వేశాడు. గుళ్లు, అనాథ పిల్లలకు వసతి, పాడేవాళ్లకు బృందం, వాయించేవాళ్లకు బ్యాండు. వీటన్నిటితోపాటు శవపేటికలు. అంతకుముందు పెట్టె కొనుక్కునే డబ్బు లేనివాళ్లను దుప్పటిలో చుట్టి లోతు తక్కువ గుంటల్లో పూడిస్తే పందులూ కుక్కలూ తవ్వేవి. డేమియన్ వచ్చాక శ్మశానానికి కంచె వేశాడు, గుంటలు లోతుగా తవ్వించాడు, తన చేతులతోనే వందల పెట్టెలు కొట్టాడు. ఎవరు పోయినా పెట్టె, ఊరేగింపు, బ్యాండు ఉండేలా రోగులతోనే ఒక అంత్యక్రియల సంఘం పెట్టించాడు. గుడి, ఆయన ఇల్లు, శ్మశానం ఒకే ఆవరణలో ఉండేవి. మృతుల తోటకు రాత్రి కాపలాదారు తనేనని అన్నకు రాసిన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. అక్కడ జపమాల చెప్పుకుంటూ పోయినవాళ్ల నిత్యసుఖం గురించి ఆలోచించడం తనకు ఇష్టమని రాశాడు. వాళ్లలో కొందరికి దక్కిన నిత్యదుఃఖం గురించి కూడా ఆలోచించాడు. ఈ రెండో ముక్కను ఆయనను పొగిడేవాళ్లు తరచూ వదిలేస్తారు. ఆయన పందొమ్మిదో శతాబ్దపు కతోలికుడు, నరకాన్ని గట్టిగా నమ్మినవాడు. దాన్ని దాచి ఆయనను మన కాలపు సంఘసేవకుడిగా తీర్చిదిద్దడం అన్యాయం.

చావు ధ్యానం పనిని ఎలా మార్చిందో ఆ పెట్టెల్లోనే కనిపిస్తుంది. లెక్క చూస్తే శవపేటిక దండగ ఖర్చు. ఆ చెక్కతో ఇంకో మంచం చేయొచ్చు, ఆ గంటల్లో ఇంకో పది పుళ్లకు కట్టు కట్టొచ్చు. బతికున్నవాడికి ఉపయోగపడేదే సేవ అనుకునే మనిషి ఆ పెట్టె కొట్టడు. కానీ ఆ ఊళ్లో చచ్చేవాడు ఎవరు? పట్టుకొచ్చి పడేసినప్పుడే లోకం లెక్కలో చచ్చినవాడు. అతను బతికుండగా రోజూ చూసేది పక్క గుడిసెవాణ్ని దుప్పట్లో చుట్టి ఈడ్చుకుపోవడం. తన రేపు ఎలా ఉంటుందో అతనికి తెలుసు, ఆ తెలివిడితోనే ఇవాళ తాగి పడిపోతాడు, పక్కవాడిది లాక్కుంటాడు. డేమియన్ వచ్చిన కొత్తలో ఆ ఊరు అలాగే ఉండేదని నాటి వర్ణనలు చెప్తాయి. పెట్టె, కంచె, బ్యాండు చచ్చినవాడికోసం కాదు. నీ చావుకు కూడా నలుగురు నడిచి వస్తారని బతికున్నవాడికి ఇచ్చిన భరోసా అవి. ఆ భరోసా దొరికాకే మనుషులు తోటలు వేశారు, ఇళ్లకు సున్నం కొట్టుకున్నారు, పాట నేర్చుకున్నారు. చావును పట్టించుకోవడం బతుకును పట్టించుకోకపోవడమని మనకొక అపోహ ఉంది. డేమియన్ ఉన్న ఆ కలవావో ఊళ్లో బతుకు బాగుపడింది శ్మశానం దారినే.

ఇక్కడ భాష గురించి ఒక ముక్క. వెళ్లిన ఏడాదిలోనే అన్నకు రాస్తూ, ప్రసంగంలో తను ‘సోదరులారా’ అని మొదలుపెట్టననీ, రోగుల్లో తననూ కలుపుకుని మాట్లాడతాననీ చెప్పాడు. అప్పటికి ఆయన ఒంటిమీద ఏ మచ్చా లేదు. ఇంగ్లిషులోనో ఫ్రెంచిలోనో ఈ విషయం చదివితే అందులోని పదును సగమే అందుతుంది, ఎందుకంటే ఆ భాషల్లో ‘మేము’కూ ‘మనం’కూ ఒకటే మాట. ఆయన ప్రసంగించింది హవాయి భాషలో. దానిలో తెలుగులోలాగే ఎదుటివాణ్ని కలుపుకునే ‘మనం’ వేరు, వదిలేసే ‘మేము’ వేరు. రోగుల ముందు నిలబడి రోగుల్లో తననూ కలిపి చెప్పాలంటే ఆ భాషలో ‘మనం’ అనక తప్పదు. మన సేవా సభల్లో వినిపించే మాట ఎక్కువగా ‘మేము’: మేము ఇన్ని దుప్పట్లు ఇచ్చాం, మేము ఇంతమందికి భోజనం పెట్టాం. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ డబ్బులో, ఆరోగ్యంలో, చదువులో ‘మనం’ అనే చోటు దొరకదు. ఇద్దరికీ నిజంగా ఉమ్మడిగా ఉన్నది ఒక్క చావే. దాన్ని తలచుకోని దాత నోట ‘మనం’ అనే మాట వచ్చినా అది మర్యాదకే.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మొదటి మాట బలమైనదే. పరలోకం గురించి చెప్పి ఇహలోకపు అన్యాయాన్ని మరిపించడం మతాలకు పాత విద్య. మనుషులను అడవి మృగాల్లా వేటాడి పట్టుకున్న చట్టాన్ని ప్రశ్నించకుండా, దాని కింద చచ్చేవాళ్లకు మంచి పెట్టెలు చేసిపెట్టడం ఆ చట్టానికి నూనె పోయడం కాదా? ఈ నిందలో నిజం ఉంది. డేమియన్ నిర్బంధ చట్టాన్ని ఎత్తేయమని పోరాడిన మనిషి కాదు, ఆనాటి వైద్యం లాగే ఆయనా దాన్ని అవసరమనే అనుకున్నాడు. నార్వేలో హాన్సెన్ కుష్ఠు క్రిమిని కనిపెట్టింది సరిగ్గా 1873లోనే. నూటికి 95 మందికి ఆ రోగం సహజంగానే అంటదన్న సంగతి తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కానీ చావు ధ్యానం ఆయనను మెత్తబరిచిందన్న మాట మాత్రం నిలవదు. కలప కావాలి, బట్టలు కావాలి, తిండి చాలడం లేదు, డాక్టరు కావాలి అంటూ ఆరోగ్య మండలిని ఆయన వేధించిన తీరు అధికారులకు తలనొప్పి. మొండివాడు, మాట వినడు అన్నది ఆయన మీద పై అధికారుల స్థిరమైన ఫిర్యాదు. తనకు రోగం ఖాయమయ్యాక కూడా దేవుడి చిత్తం అని చేతులు ముడుచుకోలేదు. 1886లో హొనొలులు వెళ్లి జపాను వైద్యుడు గోటో కనిపెట్టిన వేడినీటి స్నానాల చికిత్స చేయించుకుని, అదే పద్ధతిని తన ఊరివాళ్లకు తెప్పించాలని పట్టుబట్టాడు. చికిత్స పనిచేయలేదన్నది వేరే సంగతి. చావంటే భయం లేని మనిషే మందుకోసం అంత గట్టిగా తిరిగాడు.

రెండో అభ్యంతరం నాకు ఇంకా ఇబ్బందికరం. డేమియన్ రోగులతో ఒకే గిన్నెలో చేమదుంప ముద్ద తిన్నాడు, తన పొగ గొట్టాన్ని వాళ్లకిచ్చి మళ్లీ తను పీల్చాడు. 1884 చివర్లో మరిగే నీళ్లలో కాలు పెట్టి, చర్మం బొబ్బలెక్కినా మంట తెలియకపోవడంతో సంగతి అర్థమయింది. 49 ఏళ్లకే పోయాడు. జాగ్రత్తగా ఉండి ఇంకో పాతికేళ్లు బతికుంటే రోగులకే మేలు గదా? ఈ ప్రశ్నకు చరిత్ర తనే ఒక పోలిక పెట్టింది. ఆయన చనిపోవడానికి అయిదు నెలల ముందు, 1888 నవంబరులో, మదర్ మరియాన్ కోప్ అనే కన్యస్త్రీ తన తోటి సిస్టర్లతో అదే తీరానికి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆసుపత్రి నడిపిన మనిషి. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ఎంగిలి దాకా నియమం నియమమే. మీలో ఎవరికీ ఈ రోగం రాదని సిస్టర్లకు మాటిచ్చింది, ఎవరికీ రాలేదు. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసి 1918లో 80 ఏళ్ల వయసులో పోయింది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న పందెం నాకు రుచించదు. కానీ ఈ పోలిక నా వాదనను సరిదిద్దుతుంది, ఒప్పుకోవాలి. చావును గుర్తుపెట్టుకోవడం వేరు, చావుకు ఎదురెళ్లడం వేరు. మరియాన్ కూడా చచ్చేవాళ్ల మధ్యే ముప్పై ఏళ్లుంది, వాళ్లను వదిలి ఒక్కరోజు పారిపోలేదు. ఆమె చావును తలచుకోవడంలో శుభ్రతకు చోటుంది. డేమియన్‌ది తప్పా అంటే, ఆ గిన్నెలో చెయ్యి పెట్టడం ఆరోగ్యశాస్త్రం ప్రకారం తప్పే. ఏడేళ్లుగా ఎవరూ తాకని మనుషులకు, ముట్టుకునే చెయ్యి ఒకటుందని ఆ తప్పే చెప్పింది. రెండూ నిజాలే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

మూడో అభ్యంతరం ఇంకో వైపునుంచి వస్తుంది: ఒక తెల్లదొర త్యాగం కథలో వేలాది హవాయి మనుషులు బొమ్మల్లా నిలబడిపోయారని. ఇది పూర్తిగా నిజం. భార్య కిట్టీకి రోగం వస్తే, తోడుగా అదే 1873లో ఆ తీరానికి వెళ్లిన హవాయి మనిషి జొనాతన నాపెలా. మోర్మన్ సంఘ పెద్ద. అతనికీ రోగం అంటింది, 1879లో పోయాడు. అతని పేరు లోకానికి పెద్దగా తెలియదు. అలా తోడు వెళ్లినవాళ్లను హవాయిలో ‘కోకువా’ అంటారు. అంబ్రోస్ హచిసన్ అనే రోగి చాలా ఏళ్లు ఆ ఊరి పెత్తనం నడిపి, తన జ్ఞాపకాలు కూడా రాశాడు. డేమియన్ పేరు మాత్రం బతికుండగానే మోగింది. ఇంగ్లండులో హ్యూ చాప్‌మన్ అనే ఆంగ్లికన్ పాదిరి వేయి పౌండ్లకు దగ్గరగా చందాలు పోగుచేసి పంపాడు. దాంతో ఆయన పై గురువులు మురిసిపోలేదు, మేమేమీ చేయడం లేదన్నట్టు లోకానికి కనిపిస్తోందే అని చిరాకుపడ్డారు. సేవారంగంలో ఈ ఈసు మన కాలపుది కాదన్నమాట. ఆయన పోయాక హైడ్ అనే ప్రొటెస్టెంట్ పాదిరి ఆయనను మురికివాడనీ మూర్ఖుడనీ ఈసడిస్తే, ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన స్టీవెన్సన్ 1890లో బహిరంగ లేఖతో విరుచుకుపడ్డాడు. ఆ లేఖలోనూ డేమియన్ మోటుతనాన్ని దాచలేదు, అందుకే ఆ సమర్థన నిలిచింది. నా వాదనకు డేమియన్ ఒక్కడే అక్కర్లేదు. భార్య చావును పంచుకోవడానికి వెళ్లిన నాపెలా కూడా అదే చెప్తాడు, పైగా గురుపట్టం లేకుండా.

ఇంతకీ చావు తలపు ఆయనకు ప్రశాంతత మాత్రమే ఇచ్చిందనుకుంటే పొరపాటు. ఆయనకున్న పెద్ద దిగులు, పాపసంకీర్తనం వినే గురువు దగ్గర లేకపోవడం. తన లెక్క తను అప్పజెప్పుకోకుండానే పోతానేమోనని. 1873లోనే ఒకసారి ఓడలో వచ్చిన పై గురువును తీరం మీద దిగనివ్వకపోతే, డేమియన్ చిన్న పడవలో ఓడ పక్కకు వెళ్లి, కింద నిలబడి, అందరూ చూస్తుండగా తన పాపాలను గట్టిగా అరిచి చెప్పుకున్నాడు. వందలమంది చావు పక్కన కూర్చున్న మనిషికి తన చావు పక్కన కూర్చునేవాడు కావాలనిపించింది. సేవ చేసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. చచ్చేవాళ్ల మధ్య పనిచేసే నర్సులు, ఆయాలు, కార్యకర్తలు తమ భయాన్ని ఎక్కడ దించుకుంటారు? మన సంస్థల్లో దానికి గంట కేటాయించిన చోట్లు ఎన్ని?

ఈ చర్చ ఇక్కడ, ఇప్పుడు ఎందుకంటే, మన దానధర్మాలు బతికించే పని వైపే మొగ్గాయి, చచ్చేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. ఆపరేషన్ థియేటరుకు దాత దొరుకుతాడు, శిలాఫలకం మీద పేరు ఉంటుంది. ఇంక చేయగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పిన కేన్సరు రోగికి నొప్పి తగ్గించి, పక్కన కూర్చుని, ఇంటివాళ్లకు ధైర్యం చెప్పే పాలియేటివ్ సేవకు దాతలు అరుదు, ఎందుకంటే అక్కడ ‘కోలుకున్నవాళ్లు’ అనే గడి నింపడానికి ఏమీ ఉండదు. అలాంటి సేవ అవసరమైనవాళ్లలో అది అందుతున్నది ప్రపంచం మొత్తం మీద సుమారు 14 శాతానికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తెలంగాణలో జిల్లాల స్థాయిలో పాలియేటివ్ కేంద్రాలు తెరిచారు, అది మంచి మొదలు. అనాథ శవానికి సంస్కారం చేస్తే యజ్ఞఫలమని నమ్మే నేల మనది, ఆ పని చేసే యువకులు మన పట్టణాల్లో ఉన్నారు కూడా. ఆ శవం శవం కాకముందు వారం రోజులు ఎవరి పక్కన పడి ఉందన్నదే మనం అడగని ప్రశ్న. మందు దొరికాక ఈ మాటలన్నీ పాతబడ్డాయనడానికీ లేదు. కుష్ఠుకు నిక్కమైన మందుంది, అయినా మన దేశంలో ఏటా లక్ష మందికి అటూ ఇటుగా కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు. ఆ రోగం కారణంగా విడాకులు ఇవ్వొచ్చన్న నిబంధనను మన చట్టాల్లోంచి తీసేసింది 2019లోనే.

డేమియన్ 1889 ఏప్రిల్ 15న, మట్టల ఆదివారం మరునాడు, కన్నుమూశాడు. కోరుకున్నట్టే, మొదట్లో తను పడుకున్న మొగలి చెట్టు కింద పూడ్చారు. 1936లో బెల్జియం ప్రభుత్వం అడిగి ఆయన అస్థికలను లూవెన్‌కు తీసుకెళ్లింది. 1995లో కుడిచెయ్యి ఒక్కదాన్ని తిరిగి తెచ్చి ఆ పాత సమాధిలో ఉంచారు. 2009 అక్టోబరు 11న పోపు పదహారో బెనెడిక్ట్ ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. ఆ తీరంలో పోయిన వేలమందిలో ఎక్కువమంది సమాధుల మీద పేరు లేదు. ఆ 8,000 పేర్లనూ చెక్కి నిలబెట్టే స్మారకానికి అమెరికా చట్టసభ అనుమతి ఇచ్చింది కూడా ఆ 2009లోనే.